తెలివితాడు అడిగిన ప్రశ్న

ఎవరెస్టు మీద ఎవరికీ రెస్టు లేని రోజులవి. 2089 నాటికి పేరున్న ప్రతి శిఖరానికీ తీగబండి పడింది. మేఘాల పైన కూర్చుని వేడివేడి పెసరట్టు తినొచ్చు, అల్లప్పచ్చడితో సహా. కాళ్ళతోనే కొండెక్కాలన్న పిచ్చి మిగిలినవాళ్ళు మాత్రం పేరులేని, దారిలేని, టిఫిన్ లేని శిఖరాలు వెతుక్కోవాల్సి వచ్చేది. విశాఖపట్నం దంపతులు గిరిధర్, మృణాళిని అలా వెతుక్కున్నదానికి వాళ్ళే పెట్టుకున్న పేరు ఒంటికొమ్ము. హిమాలయాల అవతలి అంచున, ఊళ్ళన్నిటికీ వారాల నడక దూరంలో, ఆకాశాన్ని పొడవడానికి తలవంచిన ఎద్దులాంటి కొండ.

పేరుకి గిరిధరుడే గానీ అతను ఎత్తగలిగింది వీపుసంచి వరకే. ఈమధ్య అదీ అనుమానంగానే ఉంది. ప్రయాణం దగ్గరపడేకొద్దీ సంచి లావెక్కుతోంది, మనిషి చిక్కిపోతున్నాడు.

"ఏవండీ, మళ్ళీ మేకులు కుక్కుతున్నారా?" అంది మృణాళిని. శతాబ్దం మారినా 'ఏవండీ' మారలేదు.

"మంచులో దిగే మేకులు కదా. నాలుగు ఎక్కువుంటే మంచిదని."

"నిన్నా మంచిదనే అన్నారు. మీ మంచితనానికి నా నడుం పడిపోయేలా ఉంది."

"నువ్వు మాత్రం? ఆక్సిజన్ సీసాలు ఎవరు పెంచారు? తూర్పు గట్టు మీంచి దగ్గరి దారి ఉండగా చుట్టుతిరుగుడు దారి ఎవరు పెట్టారు?"

"తూర్పు గట్టు నిటారుగా ఉంది."

"నిటారుగా ఉంది కాబట్టేగా కొండన్నారు! పడుకునుంటే మైదానం అనేవాళ్ళు."

ఆమె నవ్వలేదు. పెళ్ళైన నాటినుంచీ అతని ప్రతి పాడు జోకుకీ నవ్వుతూ వచ్చిన మనిషి, తాడు ఆ ప్రశ్న అడిగిన దగ్గర్నుంచీ నవ్వడం మానేసింది. గిరిధర్ సోఫా వైపు చూశాడు. అక్కడ చుట్ట చుట్టుకుని పడుకునుంది తాడు. తాడుని చూసి పామనుకుని భయపడ్డవాడి కథ చెప్పి పెద్దలు నవ్వారు గానీ, ఇది నిజంగానే కాటెయ్యగల తాడు.

ప్రభుత్వం దానికి పెట్టిన పేరు 'స్వయంనిర్ణయ రజ్జువు'. ఆ పేరు పలికేలోపు మనిషి లోయలో ఉంటాడని జనం తెలివితాడు అనేశారు. చూడ్డానికి మామూలు తాడే. లోపల మాత్రం జుట్టుకన్నా సన్నని వేల 'ఎరుకపోగులు', అంటే సెన్సర్లు, అల్లి ఉంటాయి. నడుములకి కట్టుకున్న ఇద్దరి నాడీ, మేకు చుట్టూ మంచు గట్టిదనం, గాలి విసురు, అన్నీ దానికి తెలుస్తాయి. ఒకరు జారితే రెప్పపాటులో బిగుసుకుని ఆపేస్తుంది. ఇద్దర్నీ మొయ్యడం అసాధ్యమని లెక్క తేలితే మాత్రం తెగుతుంది. ఎక్కడ తెగాలో, ఎవరి వైపు తెగాలో అదే నిర్ణయించుకుంటుంది.

పూర్వం ఆ పని మనుషులు చేసేవారు. పైనున్నవాడు తాడు కోసి బతికొచ్చి, ఇక జన్మంతా అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండేవాడు. అలాంటి చేతులు మరీ ఎక్కువైపోయాక ఆ పాపం తాడుకే అప్పగిస్తూ చట్టం వచ్చింది. ఎత్తయిన కొండలకి జంటగానే వెళ్ళాలి, తెలివితాడు కట్టుకునే వెళ్ళాలి.

అయితే ఎంత తెలివైనదైనా తాడుకి ఒక మాట ముందే చెప్పాలి. ప్రయాణానికి ముందు ఇద్దరూ విడివిడిగా, గది తలుపులు మూసుకుని, తాడు కొస గుప్పిట్లో పట్టుకోవాలి. అది ఒకటే ప్రశ్న అడుగుతుంది. "ఒక్కరే మిగలగలిగితే, ఎవరు?"

నోరు చెప్పేది అది వినదు. నాడి చెప్పేది వింటుంది. విన్నది ఎవరికీ చెప్పదు.

తాడు కొన్న రోజు గిరిధర్ హుషారుగానే ఉన్నాడు. "నీకు మెడలో ఒక తాడు, నడుముకొక తాడు. ఇది తెగితే అదీ తెగుతుంది, జాగ్రత్త!" అని పెద్దగా నవ్వాడు. ఆ మర్నాడు గదిలో అతని నోరు "మా ఆవిడ" అంది. గుండె మాత్రం "నేను, నేను, నేను" అని కొట్టుకుంది. గుప్పిట్లో తాడు ఆ దరువంతా శ్రద్ధగా వింది.

అప్పట్నుంచీ అతనికి నిద్ర లేదు. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం మనం. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు చెమట పట్టేది. ఆమె జారితే తాడు ఎవరి వైపు తెగుతుందో అతనికి తెలుసు. అందుకే ఆమె జారకూడదు. ఒకటి కొట్టాల్సిన చోట రెండు మేకులు కొట్టాలి. అతని ప్రయాణ ప్రణాళికంతా ఆ ఒక్క సిగ్గు చుట్టూ తిరుగుతోంది.

మరి ఆమె ఎందుకింత జాగ్రత్త పడుతోంది? నా జవాబు పసిగట్టేసిందా?

"ఒకసారి ఈ తాడు చేసిన డాక్టరుగారి దగ్గరికి వెళ్ళొద్దామా?" అంది మృణాళిని ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"ఊరికే."

తాడు కనిపెట్టిన శాస్త్రవేత్త పేరు డాక్టర్ తాడేపల్లి విశాల. ఇంటిపేరులోనే తాడుంది కాబట్టి ఇది కనిపెట్టక తప్పలేదని ఆవిడే చెప్పుకునేది. సముద్రం ఒడ్డున ప్రయోగశాల. లోపల పైకప్పునుంచి తాళ్ళు ఊడల్లా వేలాడుతున్నాయి.

"చెప్పండి, ఏమిటి చిక్కుముడి?"

"జవాబు మార్చుకోవచ్చా?" అన్నారిద్దరూ ఒకేసారి.

అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వెందుకు మార్చుకోవడం?" అన్నాడు గిరిధర్.

"మీరెందుకో ముందు చెప్పండి."

చివరికి మృణాళిని కళ్ళొత్తుకుంది. "నేను 'ఆయన్ని కాపాడు' అనే అన్నానండీ డాక్టరుగారూ. కానీ లోపల గుండె వేరే పేరు చెప్పింది. నా పేరు. అందుకే చుట్టుదారి పెట్టాను. ఈయనకి కాలు జారే చోటే ఉండకూడదని."

గిరిధర్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఓసి నీ దుంపతెగ! నాదీ అదే పాట. వేరే మాటలు, అదే రాగం."

విశాల నవ్వలేదు. లేచి వెళ్ళి కిటికీ వేసి వచ్చింది.

"ఇక్కడిదాకా వచ్చిన జంటలు తక్కువ. వచ్చారు కాబట్టి చెబుతున్నాను, మీలోనే ఉంచుకోండి. ఈ తాడులో కత్తి లేదు."

"అంటే?"

"ఇది తెగదు. మొదట్లో తెగేది. అప్పుడొకటి గమనించాం. 'అవతలి మనిషిని కాపాడు' అని మనసారా అన్నవాళ్ళు ఎక్కువగా పోతున్నారు. త్యాగానికి సిద్ధపడ్డవాళ్ళు మేకు గట్టిగా కొట్టరండీ. పోతే నేనేగా అనుకుంటారు. 'నన్ను' అన్నవాళ్ళు సిగ్గుతో చచ్చి, ప్రతి మేకూ రెండుసార్లు కొడతారు. ఆ సిగ్గు పట్టుకున్నాక పద్ధతిగా సర్దుకోని జంటని నేను చూడలేదు. వాళ్ళకి తాడు తెగే పనే పడలేదు. అందుకని కత్తి తీసేసి ప్రశ్న ఉంచేశాం."

"మరి నిజంగా ఒకరు పడితే?" అడిగాడు గిరిధర్.

"పట్టుకుంటుంది."

"పట్టలేకపోతే?"

"ఇద్దరూ వెళ్తారు" అంది విశాల, వాతావరణం సంగతి చెప్పినట్టు.

ఇంటికొచ్చే దారిలో ఇద్దరూ చాలాకాలానికి చేతులు పట్టుకుని నడిచారు. "మనిద్దరం స్వార్థంలో కూడా సమానమేనోయ్" అన్నాడు గిరిధర్. "అచ్చమైన దాంపత్యం" అంది మృణాళిని, పొట్ట పట్టుకుని నవ్వుతూ. గుండెల మీంచి కొండ దిగిపోయినట్టుంది. ఇక కొండెక్కడమే మిగిలింది. అదనపు మేకులు సగం తీసేశారు. తూర్పు గట్టు దారి మళ్ళీ ఖాయమైంది. సంచులు హాయిగా తేలికపడ్డాయి.

ప్రయాణం నాటి పొద్దున ఎగురునావ రేవులో తూనికయంత్రం ఇద్దరి సంచులూ తూచింది. దానికి ఆడగొంతు, ఆఫీసు మర్యాద.

"శుభోదయం. ఇద్దరి సంచుల్లోనూ నమోదు చేయని లోహ వస్తువు ఒక్కొక్కటి ఉంది. పదునైనది. రెండూ సంచి అడుగున, గుడ్డలో చుట్టి ఉన్నాయి. నిషేధం లేదు, ఉపయోగం చెబితే చాలు."

గిరిధర్ తన చెప్పుల వైపు చూశాడు. మృణాళిని సముద్రం వైపు చూసింది.

"కూరగాయలు తరగడానికి" అన్నారిద్దరూ ఒకేసారి.

యంత్రం సంచులు మరోసారి పరీక్షించింది. "మీ ఆహారమంతా పొడుల రూపంలో ఉంది. కూరగాయలు కనబడటం లేదు."

"దారిలో కొంటాం" అన్నాడు గిరిధర్.

"కొంటాం" అంది మృణాళిని.

"సంతోషం" అంది యంత్రం, మర్యాదగా. నావ తలుపు తెరుచుకుంది. ముందు నువ్వు ఎక్కమంటే ముందు మీరు ఎక్కండని ఇద్దరూ చాలాసేపు మర్యాదలు చేసుకున్నారు. ఎవరికీ అవతలి మనిషికి వీపు చూపించాలనిపించలేదు.