బిస్కెట్ ఇంటికి చాలని కప్పు

"అన్నం పెట్టనా?" అని అడిగింది తారాబాయి. బాలనర్సయ్య పీట వాల్చుకుని కూర్చున్నాడు, అంతే! పెట్టమనలేదు, వద్దనలేదు. దసరా వెళ్లి రెండు నెలలు కావస్తోంది... కట్టుకున్నవాడి నోటి నుంచి ఒక్క మాట లేదు! ఒక్కగానొక్క కూతురు రోజారాణి శామీర్‌పేటలో అత్తగారింట్లో కాపురం చేసుకుంటోంది. మచ్చ బొల్లారంలోని ఆ రెండు గదుల ఇంట్లో గోడలతో మాట్లాడుకుందామన్నా, ఎంతకని మాట్లాడుతుంది పాపం!

ఇంతకీ ఆవిడ చేసిన నేరమేమిటమ్మా అంటారా? మొగుడి పరువు కాపాడటమే! బాలనర్సయ్యది రేకుల పని. కొంపల్లిలోని ఒక బేకరీకి చెట్లు, చుక్కలు, చేపలు... ఏ ఆకారంలో బిస్కెట్ కావాలంటే ఆ అచ్చు రేకుతో వంచి ఇచ్చేవాడు. రెండేళ్ల కిందట కుడిచేయి వణకడం మొదలైంది. ఇంటిగుట్టు బయటపడకుండా తారాబాయి కత్తెర పట్టింది. పని ఆమెది, పేరు ఆయనది. అలాగే సాగిపోయేదే... దసరా నాడు బేకరీ యజమాని మధుసూదన్ నలుగురి ముందు "ఈ మధ్య నీ చెయ్యి మస్తు తిరిగింది బాలనర్సయ్యా! ఎన్నడూ ఇంత సాఫ్ పని జెయ్యలే నువ్వు" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఆయన గుండెలో ముల్లులా దిగింది. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో మాట బంద్!

అది 2004 డిసెంబర్. క్రిస్మస్‌కు అద్దాల బీరువాలో పెట్టడానికి బిస్కెట్లతో కట్టిన ఇల్లు కావాలన్నాడు మధుసూదన్. గోడలకు, కప్పుకు, తలుపుకు అన్నిటికీ కొత్త అచ్చులు! తారాబాయి పాత పెళ్లిపత్రికలు కత్తిరించి, ముందుగా కాగితపు ఇల్లు కట్టి చూసుకుంది. ముచ్చటగా నిలబడింది.

"గిది సరిగున్నదా? ఒక్కపారి జూడు..." అని ఆయన ముందు పెట్టింది. బాలనర్సయ్య చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి, కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఆ కొలతలతోనే రేకు కోసి, వంచి, అతికించి అచ్చులు పంపించింది.

మూడోనాడు పొద్దున్నే మధుసూదన్ అట్టపెట్టె పట్టుకుని దిగాడు. "చూడవయ్యా బాలనర్సయ్యా! గోడలు నిలబెట్టినంక కప్పు చాలుత లేదు. ముంగటా ఎన్కా ఆకాశం కనబడ్తాంది! పండుగ ముందట గిదేం పని?"

తారాబాయి గబగబా ముందుకొచ్చింది. "ఆయన్ని అనకుండ్రి సారూ... ఆ అచ్చులు నేను జేసిన. తప్పు నాదే!"

"నువ్వా?" మధుసూదన్ నవ్వాడు. "ఆడమనిషి రేకుల పని జేస్తే గిట్లనే ఉంటది. ఇగ నేను వేరే దిక్కు జూసుకుంట."

"ఆగుండ్రి సారూ!"

దసరా తర్వాత మళ్లీ ఇప్పుడే విన్న ఆ గొంతుకు తారాబాయి గిరుక్కున వెనక్కి తిరిగింది. బాలనర్సయ్య లేచి నిలబడి, వణుకుతున్న చేతిని మొదటిసారి పరాయివాడి ముందు చాపాడు.

"రెండేండ్ల సంది మీరు మెచ్చిన అచ్చులన్నీ ఆమె జేసినయే. నా చెయ్యి సుత్తె గూడ పట్టుత లేదు. గీ తప్పు మాత్రం నాది. కాయితం ఇల్లు జూసిన్నాడే నాకు తెల్సింది, కప్పు చాలదని... తెల్సి నోరు మూసుకున్న!"

అని, భార్య వైపు తిరిగాడు.

"ఏమే, రేకుతోని పని జేసి జేసి మందం సంగతే మర్సినవా? బిస్కెట్ బిల్ల అర వేలు మందముంటది. ముంగటి గోడ, ఎన్క గోడ... రెండూ కలిస్తే ఇల్లు వేలు మందం ఎక్కువ పొడుగైతది. కప్పు గంత పెంచొద్దా? బుద్ధి ఏడ వెట్టినవే? పట్టు కత్తెర! కొలతలు నేను జెప్త, జల్దీ కొయ్యి!"

తారాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"గింత మాటకే ఏడుస్తవేందే?" అన్నాడాయన కంగారుగా.

"ఏం లేదు... ఇంకో రెండు తిట్టయ్యా! పానం జర నిమ్మలమైతాంది..."