నగారాల చాటు ఏడుపు

ఆ ఉదయం కుంభగిరి మీద ఆకాశం ఉరమలేదు, కురవలేదు. బూడిదరంగు మబ్బొకటి కోట మీదే ఆగి, ఎవరినో కనిపెట్టుకుని ఉన్నట్టుంది. కోట లోపల ఏడేళ్ల యువరాజు జయకేతు మోకాళ్ల దాకా రాయైపోయాడు. ఆ రాయి రోజురోజుకూ పైకి పాకుతోంది. గుండెను తాకితే పిల్లవాడు దక్కడు.

“అడవిలో భూతం పనే ఇది!” అన్నాడు రాజు వీరకేతుడు. కత్తులతో వెళ్లిన భటులు బతుకుజీవుడా అని పరుగెత్తుకొచ్చారు. అదిలించేకొద్దీ భూతం పెరుగుతోందట.

గొర్రెల కాపరి కూతురు ఈరమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. కోటగోడ కింద బురదలో జాడలు వెతికింది. భూతం అడుగులు అడవి నుంచి రాలేదు, కోట నుంచే అడవికి పోయాయి! గోడ దగ్గర పసివాడి పాదమంత, వాగు దగ్గరికి చాటంత. ‘ఇది బయటి దొంగ కాదు’ అనుకుని, గొంగడి భుజాన వేసుకుని జాడ పట్టింది.

వాగు ఒడ్డున ఒక ముని ఎదురయ్యాడు. “ఈ బెల్లం పెట్టు తల్లీ, భూతం నోరు మూస్తుంది.”

“నోరు మూస్తే లోపలిది ఎటు పోతుంది తాతా?”

ముని చూపు తిప్పుకున్నాడు. బెల్లం మీద ఒక్క చీమైనా వాలలేదని ఈరమ్మ గమనించింది. మాయ బెల్లమని పోల్చి వద్దంది. ముని పొగై మాయమయ్యాడు.

జాడ చివర ఉన్న గుహలో భూతం తాటిచెట్టంత లేచి గర్జించింది. ఈరమ్మకు అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు తను కోపంతో నేలమీద పొర్లితే అమ్మ కొట్టేది కాదు, బెల్లంముక్క పెట్టి మరిపించేదీ కాదు. పక్కన కూర్చుని ఉన్ని వడికేది. ఈరమ్మా అలాగే చతికిలబడి కదురు తీసింది.

“పారిపోవేం?” గద్దించింది భూతం.

“అరవడం కానీయ్. నేనిక్కడే ఉంటా. ఏమైంది నాయనా?”

చాలాసేపటికి భూతం గొంతు పసిదైంది. “అమ్మ పోయిననాడు ఏడ్చాను. ఎవరికీ వినబడకుండా నాన్న నగారాలు కొట్టించాడు. ఎప్పుడు ఏడ్చినా అంతే. ఆ జయకేతు ఏడుపే నేను.”

చెబుతూ చెబుతూ అది గొర్రెపిల్లంతైంది. ఈరమ్మ దాన్ని గొంగట్లో చుట్టుకుని కోటకు తెచ్చింది.

గొంగట్లోంచి జయకేతు గొంతుతో వెక్కిళ్లు వినబడగానే నగారాలు మోగాయి. “రాజు బిడ్డ ఏడుపు ఊరు వింటే పరువేం గాను?” అన్నాడు రాజు.

“మోగిస్తే పరువు దక్కుద్ది దొరా. బిడ్డ దక్కడు.”

రాజు ఆమెను అనుమానంగా చూశాడు. కొడుకు వైపు చూశాడు. రాయి పక్కటెముకలకు చేరింది. రాజు చెయ్యెత్తాడు, నగారాలు ఆగాయి.

ఈరమ్మ గొంగడి విప్పింది. ఏడుపు వెళ్లి జయకేతులో కలిసింది. పిల్లవాడు “అమ్మా!” అని బావురుమన్నాడు. ఏం చెయ్యాలో రాజుకు తోచలేదు. ఈరమ్మ కళ్లతోనే నేల చూపించింది. రాజు కొడుకు పక్కన చతికిలబడ్డాడు. ఆయన కళ్లూ నిండాయి. రాయి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

ఆ మధ్యాహ్నం రాజే పెరుగన్నం కలిపి కొడుక్కీ ఈరమ్మకూ నగారా వాళ్లకూ వడ్డించి, వాళ్ల మధ్యే కూర్చున్నాడు. జయకేతు మధ్యమధ్య వెక్కుతూ తిన్నాడు. ఎవరూ ఆపమనలేదు.