అదిరే గుండెకు ఆగే బండి

ఎర్రలైటు వెలిగింది, బండి ఆగింది. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో వకుళ లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

"చూశారా బావగారూ! ఆ గట్టు వెనక కొండగొర్రె ఉంది. మన అలికిడికి బెదిరింది. బండి కనిపెట్టేసింది" అంది.

వెనక సీట్లో కూర్చున్న కామేశ్ కళ్లజోడు మీది మంచు తుడుచుకుని గట్టు వైపు చూశాడు. "గొర్రె ఏదీ?"

"ఉంటుంది. మనకు కనపడదు."

"దేవుడిలాగానా?"

నవ్వొచ్చే మాటే గానీ వకుళకు నవ్వు రాలేదు. గోళ్లు కొరుక్కుందామన్నా చేతులకు గ్లౌజులాయె.

సంగతేమిటంటే, హిమాలయాల్లోని ఆ లోయలో కొండగొర్రెలు చలికాలమంతా ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకు రావాలి. స్నోమొబైల్ రొదకు బెదిరి మంచులో పరుగులు తీస్తే ఆ కొవ్వు కాస్తా కరిగిపోతుంది, మంచు కరిగేలోపే ప్రాణం పోతుంది. "మెల్లగా వెళ్లండి, దారి దాటకండి, గొర్రెల వెంట పడకండి" అని టూరిస్టులకు బోర్డులు పెట్టారు. మన జనం సంగతి తెలియందేముంది, బోర్డు చదివి మరీ వెంటపడ్డారు! అందుకే వకుళ ఈ సెన్సర్ తయారుచేసింది. ఇది రాడార్ తరంగాలతో చుట్టుపక్కల గుండెల చప్పుడు పసిగడుతుంది. బెదిరిన గుండె తగిలిందా, ఇంజిన్ ఆపేస్తుంది. అది కుదుటపడ్డాకే బండి కదులుతుంది. మనుషుల గుండెలను వదిలెయ్యమని కూడా వకుళ దానికి నేర్పింది. ల్యాబులో జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, కాఫీలిచ్చి మరీ నేర్పింది.

వారం తిరిగేసరికి ఈ బండ్లను పరీక్షించడానికి అటవీశాఖ కమిటీ వస్తుంది. సెన్సర్ నచ్చితే లోయలో ఇక ఈ బండ్లే తిరుగుతాయి. నచ్చకపోతే మామూలు బండ్లు వదిలేస్తారు, గొర్రెల పని గోవిందా. వకుళకు తిండి సయించడం లేదు, కంటి మీద కునుకు లేదు. పైగా మిగతా బండ్లు అడపాదడపా ఆగుతుంటే తన బండి మాత్రం అడుగడుగునా ఆగేది. నా బండి సెన్సరే చురుకైంది కాబోలు అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

కామేశ్ ఆమె అక్క మొగుడు. కాకినాడ నుంచి టూరిస్టులను తీసుకొచ్చి లోయ చూపించే వ్యాపారం ఆయనది. "ఒక్క స్విచ్ పెట్టవే మరదలా! అవసరానికి సెన్సర్ ఆపుకుంటాం" అన్నాడు.

"పెడితే రేపటి నుంచి అందరికీ అవసరమే బావగారూ. చచ్చినా పెట్టను."

మర్నాడు మధ్యాహ్నం కామేశ్ ఒక్కడే ఇంకో బండి మీద వెళ్లాడు. గొర్రెల మంద కనపడగానే బండి దిగి, ఫొటో కోసం మెల్లగా నడిచాడు. మంచు కింద బండ ఉందని తెలియక జారి పడ్డాడు, కాలు విరిగింది. వాకీటాకీలో ఆ కబురు వినగానే వకుళ బయలుదేరింది. గాలి లేస్తోంది, మబ్బు కమ్ముకొస్తోంది. దారి పొడుగునా బండి ఆగుతూనే ఉంది. ఆఖరికి బావ కనుచూపు మేరలో ఉండగా ఎర్రలైటు వెలిగి పూర్తిగా మొరాయించింది.

నడుంలోతు మంచు. ఎలాగో నడిచి చేరినా అంత భారీ మనిషిని ఈడ్చుకురావడం ఆమె వల్ల కాదు. మిగతావాళ్లు లోయ అవతల ఉన్నారు, వాళ్లొచ్చేసరికి ఆ చలికి మనిషి దక్కడు.

"బావగారూ, భయపడకండి!" వాకీటాకీలో అరిచింది. "మీరు భయపడుతుంటే బండి మిమ్మల్ని గొర్రె అనుకుంటోంది. కాఫీ తాగే మనుషుల గుండెలే నేర్పాను గానీ, హడలిపోయిన మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో నేర్పలేదు!"

"నాకు భయమేమిటే? కాలు మొద్దుబారి నొప్పి కూడా తెలియడం లేదు. పక్కనే రెండు గొర్రెలు మంచు గీకి గడ్డి తింటున్నాయి. వాటికీ భయం లేదు, నాకూ లేదు. ఇక మిగిలిందెవరో నువ్వే చూసుకో."

వకుళ కోటు మీద చెయ్యి వేసుకుంది. అంత మందపు కోటు మీంచి కూడా దడ తెలుస్తోంది. ఓరి దేవుడో, ఆ ఎర్రలైటు తనకే! ఆ మాట తట్టగానే గుండె మరింత అదిరింది.

"నా వల్ల కాదు బావగారూ, ఎంత ఆపుకుందామన్నా ఆగడం లేదు" అంటూ ఏడ్చేసింది.

"అయితే నన్ను తిట్టు."

"ఏమిటీ?"

"మీ ఇంటి ఆడవాళ్లకు ఎవరినో ఒకరిని తిడితే గానీ మనసు కుదుటపడదు. మీ అక్కతో ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆమాత్రం తెలియదా? ఊఁ, కానీ!"

"నీకసలు బుద్ధుందా?" 'బావగారూ', 'మీరు' అనే మన్ననలు ఎటు పోయాయో పోయాయి. "నీ పెళ్లిలో అప్పడం రెండోసారి వడ్డించలేదని విస్తరి ముందు నుంచి లేవబోయావు. పాపం మా నాన్న పరుగు పరుగున తెచ్చి వేశాడు. అక్క గొంతు కోశాంరా బాబూ అని ఆ రోజే అనుకున్నాను! ఇంత వయసొచ్చి ఫొటోల పిచ్చేమిటి? చెప్పి వెళ్లాలని తెలియదూ?"

తిట్టేకొద్దీ గుండె దడ తగ్గింది. కమిటీ గుర్తు లేదు, మబ్బు గుర్తు లేదు. పచ్చలైటు వెలిగింది.

"బండి కదిలిందే! ఆపకు, తిడుతూనే రా!"

తిడుతూనే వెళ్లింది. నెమ్మదిగా వస్తున్న బండిని గొర్రెలు తలెత్తి చూసి, కాస్త పక్కకు జరిగి మళ్లీ మేతలో పడ్డాయి. వకుళ బావను ఎలాగో సీటు మీదికి ఎక్కించుకుని, ఫొటోల దగ్గర ఆపిన తిట్లు మళ్లీ అందుకుని, చీకటి పడేలోపు ఆసుపత్రికి చేర్చింది.

కాలికి కట్టు వేశాక కామేశ్ నెమ్మదిగా అడిగాడు. "అయితే ఇన్నాళ్లూ గట్టు వెనక బెదిరిపోయిన గొర్రె..."

"నేనే" అంది వకుళ.

"ఇంతకీ నీకు అంత భయం దేనికే?"

వకుళ గ్లౌజు తీసి గోరు కొరుక్కుంది.

"ఈ సెన్సర్ పనిచెయ్యడం లేదేమోనని, బావగారూ."