బట్టీ వెనక ఇటుక

చిలకలపూడిలో గిల్టు నగలు చేసేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. గాజు ఊదేవాడిని మాత్రం నేనొక్కడినే మిగిలాను. నా పేరు నాగుల్ మీరా. నాకు చదువు సంతకం వరకే. ఇది కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే అక్షరాలవి, సంగతివి కావు.

చర్చిల్లో, పెళ్ళి పందిళ్ళలో వేలాడదీసే గాజు బంతులు చేస్తాను. నారింజకాయంత ఉంటాయి, లోపల బోలు. ఇనుప గొట్టం కొసన కరిగిన గాజు ముద్ద పట్టి నోటితో ఊదితే బంతి అవుతుంది. అంతవరకు ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమంతా దాన్ని చల్లార్చడంలో ఉంది. ఎర్రటి గాజుని గాలికి వదిలేస్తే పైపొర ముందు చల్లారుతుంది, లోపొర ఇంకా వేడిగా ఉంటుంది, రెండూ పోట్లాడుకుంటాయి. అందుకని సరుగుడు కట్టెలతో కాచిన బట్టీలో, ఊక బూడిద పరుపు మీద బంతుల్ని పేర్చి, మూతి ఇటుకలతో మూసి మట్టి మెత్తి, రెండు రోజులు వదిలెయ్యాలి. షెడ్డు తలుపులు, కిటికీలు బిగించాలి. గాలి తగలకూడదు. తగిలితే గాజు అప్పుడే పగలదు. అదే దాని పెంకితనం. చేతికి నిండుగా వస్తుంది, మెరుస్తుంది, కట్టినచోట బుద్ధిగా వేలాడుతుంది. ఎప్పుడో రెండో నెలలోనో మూడో నెలలోనో, ఎవరూ ముట్టుకోకుండా ఠప్పున పోతుంది.

మా బట్టీ నేను నా చేత్తో కట్టింది. వెనకవైపు ఒక్క ఇటుకకి మాత్రం మట్టి మెత్తలేదు. కాచేటప్పుడు దాన్ని లాగి లోపల రంగు చూసుకుంటాను. మూతి మూశాక దాని జోలికి వెళ్ళకూడదు.

జీవానందం నా దగ్గర ముప్పయ్యేళ్ళు పనిచేశాడు. నన్ను బావా అని పిలిచేవాడు. పనివాడే, కాదనను. నోరే మంచిది కాదు. ఒకసారి ఇద్దరం పామర్రు సెంటర్లో బస్సు కోసం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. గుడివాడ వ్యాపారి భీమేశ్వరరావు అక్కడే ఉన్నాడు.

"ఏమయ్యా, మీ మీరా గారి సరుకు ఎలా ఉంటుంది?" అని జీవానందాన్ని అడిగాడు.

జీవానందం టీ ఊదుకుంటూ, "అద్దంలా ఉంటుందండీ... మూడో నెల దాకా," అన్నాడు.

టీ కొట్టువాడితో సహా అందరూ నవ్వారు. బస్సెక్కాక, "సరదాకన్నాను బావా, మనసులో పెట్టుకోకు," అన్నాడు.

పదకొండేళ్ళయింది. ఆ రోజు టీ రంగు కూడా నాకు గుర్తుంది.

తరవాత వాడు వేరుపడి సొంతంగా ఊదుకున్నాడు. చల్లార్చుకోవడానికి మాత్రం నా బట్టీకే రావాలి. ఊళ్ళో ఇంకొకటి లేదు. కిందటేడు కాదు, అంతకు ముందేడు అక్టోబరులో దివిసీమలో ఒక చర్చివాళ్ళు వాడికి నలభై బంతులు చెప్పారు. ఊది, పేర్చి, మూతి మూశాడు. అప్పటికే దగ్గు ముదిరింది.

"గుడివాడ ఆస్పత్రికి వెళ్ళొస్తాను బావా. ఎల్లుండి వచ్చి తెరుస్తాను. నువ్వు కనిపెట్టుకుని ఉంటే నాకు దిగుల్లేదు," అన్నాడు.

వాడి బస్సు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం షెడ్డులో నేనొక్కడినే. బట్టీ వెనక్కి వెళ్ళి ఇటుక లాగాను. అక్కడే కూర్చుని ఒక బీడీ కాల్చాను. బీడీ అయిపోయాక ఇటుక పెట్టేశాను. అంతే.

క్రిస్మస్ నాడు, ఆరాధన మధ్యలో, ఒకటి పోయిందట. పాట ఆగకముందే ఇంకొకటి. పిల్లల నెత్తిన పెంకులు రాలాయట. నలభైకి నలభై. సరిగ్గా వాడన్న మూడో నెలలో. ఆ తరవాత జీవానందానికి ఎవరూ పని చెప్పలేదు. జనవరి ఆఖరున పోయాడు. ఊపిరితిత్తులన్నారు. సమాధి దాకా నేనూ వెళ్ళాను. గుప్పెడు మన్ను వేశాను.

కిందటి నవంబరులో వాడి కూతురు శ్రీలేఖ వచ్చింది.

"మావయ్యా, నలభై బంతులు కావాలండీ. అదే చర్చికి."

"మళ్ళీ గాజు కట్టనిస్తారా వాళ్ళు?"

"వద్దన్నారు. మీ పేరు చెప్పి నేనే ఒప్పించాను. నాన్న పోయేముందు కూడా అదే మాట. బట్టీ దగ్గర మీరా బావ ఉన్నాడు, అక్కడ పొరపాటు జరగదు, తప్పు నా చేతిదే అయ్యుంటుంది, ఎక్కడో తెలీడం లేదు అని. ఆఖరి రోజు దాకా దాని గురించే."

నేను షెడ్డు పైరేకుల వైపు చూస్తూ, "సరేనమ్మా, చేస్తాను," అన్నాను.

లోపల సంతోషంగానే ఉంది. వాడివి పగిలినచోట నావి నిలబడాలి. ఒక్కటి పోయినా నా పేరు వాడి పేరు పక్కన చేరుతుంది. నాకు కావలసిందల్లా నలభైకి నలభై.

ఊదాను. పేర్చాను. మూశాను. రెండో రోజు వాయుగుండం పట్టింది. మధ్యాహ్నం మూడింటికే లాంతరు వేళలా ఉంది. తలుపు గడియ పెట్టి, కిటికీ సందుల్లో గోనెలు కుక్కి, బట్టీకి ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాను. కరెంటు పోయింది. రేకుల మీద వాన. కాలిన మట్టి వాసన, ఊక వాసన. బట్టీ చల్లారేటప్పుడు ఇటుకలు టిక్కు టిక్కుమంటాయి. అది నాకు జోలపాట లాంటిది.

ఆ టిక్కుల మధ్య దగ్గు వినబడింది.

వాననుకున్నాను. మళ్ళీ వచ్చింది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఆ దగ్గు నాకు తెలుసు.

బయట కాదు. బట్టీ లోపల.

ఇంకా సెగ ఆరని బట్టీలోంచి తడి మన్ను వాసన వచ్చింది.

"బావా..."

గొట్టంలోంచి ఊదినట్టు గుసగుస.

"ఆ రోజు... బూడిద తడిగా ఉందా బావా?"

స్టూలు అంచు పట్టుకున్నాను.

"మంట ముందే తగ్గించానా... గొట్టం మీంచి తుంచేటప్పుడు చెయ్యి వణికిందా..."

భయం వేసింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ భయంలోనే ఒక సంగతి అర్థమైంది. వాడు నన్ను తిట్టడానికి రాలేదు. వాడికి తెలీదు. పది నెలలుగా మట్టిలో పడుకుని, ఆ నలభై బంతుల్నీ ఒక్కొక్కటే మళ్ళీ ఊదుకుంటున్నాడు... తప్పెక్కడా అని.

"నిద్ర పట్టడం లేదు బావా... చెప్పు."

"బాగానే చేశావు," అన్నాను. "పడుకో జీవా."

చాలాసేపు వాన చప్పుడే. టిక్కు. టిక్కు. వెళ్ళిపోయాడనుకున్నాను. వాడికి కూడా అదే చాలనుకున్నాను.

"నేను బాగానే చేస్తే..." లోపల గొంతు నిదానంగా అంది. "అయితే బట్టీదే తప్పు. నువ్వు కట్టిన బట్టీ. పామర్రులో నేనన్నది నిజమే."

నవ్వాడు. చిన్నగా, ఆ టీ కొట్టు దగ్గర నవ్వినట్టే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఉన్నది ఎవరో, వాడు ఏమైపోయాడో కూడా మరిచిపోయి లేచి నిలబడ్డాను.

"నా బట్టీకి వంక పెట్టకు. యాభై ఏళ్ళలో దాంట్లో లోపం లేదు. ఇటుక నేను లాగాను. కావాలనే లాగాను. ఒక బీడీ అయ్యేదాకా తెరిచి పెట్టాను. తెలిసిందా?"

దగ్గు ఆగింది.

ఇటుకల టిక్కులూ ఆగాయి. కిటికీ అద్దం మీద వాన జారుతూనే ఉంది... చప్పుడు లేదు.

"నువ్వా... బావా."

అడగలేదు. అన్నాడంతే.

అప్పుడు నా వీపుకి చలి తగిలింది. రెండు భుజాల మధ్య. జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు. సరిగ్గా ఇటుకంత. తలుపు గడియ పెట్టే ఉంది. గోనెలు కుక్కినవి కుక్కినట్టే ఉన్నాయి. నా వెనక ఉన్నది గోడ. ముందు ఛాతీకి బట్టీ సెగ, వెనక ఆ చలి. కదలబోయాను... ఒళ్ళు కదల్లేదు. అరవబోయాను... ఊపిరి బయటికి పోతోంది, లోపలికి రావడం లేదు.

ఎంతసేపో చెప్పగలను. చీకట్లో నా పక్కనే ఎవరో బీడీ వెలిగించిన వాసన వచ్చింది. తొందరపడకుండా కాల్చారు. అది కొసదాకా అయ్యింది.

తరవాత ఇటుకలు మళ్ళీ టిక్కుమన్నాయి. రేకుల మీద వాన మోత వినబడింది.

మర్నాడు బట్టీ తెరిచాను. నలభైకి నలభై. ఒక్కదానికీ వెంట్రుకంత గీత లేదు. నా జన్మలో అంత చక్కటి గాజు తియ్యలేదు. శ్రీలేఖ ఒకటి దోసిట్లో పట్టుకుని ఏడిచింది. దివిసీమ తీసుకెళ్ళి కట్టారు. క్రిస్మస్ వెళ్ళింది. ఈ రోజు వరకు ఒక్కటి పోలేదు. అవనిగడ్డ దాకా నా పేరు చెప్పుకుంటున్నారట. నేను కోరుకున్నది నాకు దక్కింది.

డిసెంబరు ఆఖర్లో ఒక తెల్లవారుజామున మంచం మీద పక్కకి ఒత్తిగిల్లాను. మా ఆవిడ ఆమినా బీ లేచి కూర్చుంది.

"ఏంటది, గాజు చిట్లినట్టు?"

"ఇంట్లో గాజెక్కడుంది?"

"నీ వైపు నించే వచ్చింది."

"నీ చెవులు చూపించుకో," అన్నాను. నేనూ విన్నాను.

అప్పటినించి గోడకి ఆనుకోవడం లేదు. గాలికి వెళ్ళడం లేదు. వేడన్నం తిని చన్నీళ్ళు తాగడం లేదు. నవంబరు నించి వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఎల్లుండితో మూడో నెల పడుతుంది.

ఆమినా పోరు పడలేక నిన్న గుడివాడ వెళ్ళాను. కుర్ర డాక్టరు. చొక్కా విప్పమన్నాడు. ఎడమ అరచెయ్యి నా వీపు మీద ఆనించి, దాని మీద కుడి చేతి వేలితో కొట్టాడు, లోపల నిమ్ముందేమో వినడానికి. ఒకసారి కొట్టి ఆగాడు. మళ్ళీ కొట్టాడు. వెళ్ళి పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చాడు. ఆయనా కొట్టి విన్నాడు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"ఎక్కడైనా పడ్డారా పెద్దాయనా?"

"లేదండీ."

"సరే... మెట్లు దిగేటప్పుడు కాస్త మెల్లగా దిగండి."

అది ఏం మోతో వాళ్ళకి తెలీదు. యాభై ఏళ్ళుగా ప్రతి బంతినీ గోటితో కొట్టి, నిలిచేవి ఒకవైపు, పోయేవి ఒకవైపు ఏరి పెట్టినవాణ్ణి. నాకు తెలుసు.

చొక్కా తొడుక్కుంటూ వెనక్కి చూశాను. కుర్ర డాక్టరు కిటికీ దగ్గర నిలబడి, నా వీపు మీద ఆనించిన అరచేతిని వెలుతురులో తిప్పి చూసుకుంటున్నాడు. అడ్డంగా సన్నటి గీత. అందులోంచి రక్తం ఊరుతోంది. ఎక్కడ తెగిందా అని బల్ల మీద వెతుకుతున్నాడు.