గోడలో పదివాట్ల బల్బు

నేను భయపడే రకం కాదని మీ అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా రిపేరు షాపు నడుపుతున్నా. ఫ్యాన్లు, రేడియోలు, మోటార్లు... షాకులు తిని తిని నా వేళ్ళకి సిగ్గు పోయింది. అందుకే ఆ ఆదివారం సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మన గ్రూపులో ఇలా వాయిస్ పెట్టి చెప్పక తప్పట్లేదు. కొంచెం పొడుగవుతుంది, విసుక్కోకండి.

మా ఆయనకి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది కదా. ముక్కుకి మాస్కు, మాస్కుకో గొట్టం, గొట్టం చివర చిన్న మిషను. రాత్రంతా అది గాలి కొడుతూనే ఉండాలి. మా మరిది దాన్ని ఏనుగు తొండం అంటాడు. మా ఆయనా నవ్వేస్తాడు. కానీ కరెంటు ఆగితే అది నవ్వులాట కాదు.

వ్యాను ఒక వడ్రంగి దగ్గర కొన్నాం. ఉద్యోగం అయిపోయాక ఊళ్ళు తిరగాలని మా ఆయన సరదా. వెనకాల చెక్కపనంతా ఆ వడ్రంగే చేసుకున్నాడు. మంచం, స్టవ్ గట్టు, అరలు, పైన ఆరు లైట్లు. ఎంత ముచ్చటగా ఉందో! "ఇంత బాగా చేసుకుని ఎందుకమ్మేస్తున్నావయ్యా?" అనడిగా. "ఇంక ఓపిక లేదమ్మా" అన్నాడు. తాళాలు నా చేతిలో పెట్టి, వ్యాను వంక కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

మొదటి ప్రయాణంలోనే బ్యాటరీ మోసం చేసింది. తెల్లారకముందే మిషను ఆగిపోయింది. నాకు మెలకువ వచ్చేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తున్నాడు. ఇంకో పది నిమిషాలు నేను లేవకపోతే?

బ్యాటరీని తినేస్తోంది లైట్లే అని తేల్చా. అన్నీ పాతకాలం గాజు బల్బులు, ఒక్కోటీ పది వాట్లు. ఎల్ఈడీ అయితే రెండు వాట్లతోనే అంత వెలుగిస్తుంది. పది ఉన్న ప్యాకెట్ తెచ్చా. ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందే వ్యాను పెట్టుకుని కూర్చున్నా.

"వదినా, అన్నయ్యకి కూడా ఒక ఎల్ఈడీ బిగించెయ్. తక్కువ తింటాడు" అని మా మరిది గేటు దగ్గర్నుంచి అరిచి పోయాడు.

పని పెద్దదేం కాదు. లైటు మీది కప్పు తియ్యడం, బల్బు ఊడదియ్యడం, కొత్తది పెట్టడం. పాత బల్బుని ఎటు తిప్పి పెట్టినా వెలుగుతుంది. ఎల్ఈడీకి మాత్రం ప్లస్సూ మైనస్సూ సరిగ్గా పడాలి. రెండు వెలక్కపోతే తిప్పి పెట్టా. తీసిన బల్బుల్ని బకెట్లోకి విసిరేశా, అన్నీ పగిలాయి. ఆరూ వేసి చూస్తే తెల్లటి వెలుగు!

"ఆపరేషన్ థియేటర్‌లా చేశావేమే" అన్నాడు మా ఆయన.

తర్వాత అన్ని లైట్లూ ఆర్పేసి, బ్యాటరీ వైరులో మీటరు పెట్టా. బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది. వ్యానులో ఏదీ నడవట్లేదు కాబట్టి సున్నా చూపించాలి. చూపించలేదు. పాయింట్ ఎనిమిది ఆంపియర్లు.

అంటే సరిగ్గా ఒక పాత బల్బు తినేంత కరెంటు. ఆరూ నా చేతుల్తోనే తీశా. మరి ఇదెక్కడ వెలుగుతోంది?

పాత బల్బుకి ఒక గుణం ఉంది, దాక్కోలేదు. వేడెక్కిపోతుంది. మా ఆయన్ని మీటరు దగ్గర కూర్చోబెట్టి, కిటికీలకి తెరలు దించేశా. లోపలంతా చీకటి. పాత చెక్క వాసన, దాంట్లో ఇంకేదో తడిబట్ట వాసన. గోడల మీద అరచెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టా. చల్లగా ఉంది... చల్లగా ఉంది... మంచం తల దగ్గర, మా ఆయన దిండు పెట్టుకునే చోట, చెయ్యి ఆగిపోయింది.

వెచ్చగా ఉంది. కోడి పొదిగి లేచిన చోటులా.

వేలితో రెండుసార్లు తట్టా.

లోపల్నుంచి... టిక్.

"ఏమే, సున్నా అయింది" అన్నాడు మా ఆయన ముందు నుంచి. "ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదండీ."

"అదిగో... మళ్ళీ ఎనిమిది."

"గట్టిగా మాట్లాడకండి" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు.

స్విచ్చి లూజుగా ఉండి ఉంటుంది, తడితే అంటుకుని విడిపోతోంది అని నాకు నేను చెప్పుకున్నా. నాలుగు స్క్రూలు తీసి చెక్క ఊడదీశా. చెక్కకీ వ్యాను రేకుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. అందులో పసుపుపచ్చగా బల్బు వెలుగుతోంది. స్విచ్చి కూడా ఉంది. కానీ వడ్రంగి దాన్ని చెక్కకి లోపలి వైపు బిగించాడు. చెక్క మూసేస్తే బయట్నుంచి ఎవరి చెయ్యీ దానికి తగలదు. అయినా ఆ స్విచ్చి అరిగిపోయి ఉంది. ఏళ్ళ తరబడి రోజూ ఎవరో నొక్కినట్టు. వెనక రేకు ఆ ఒక్క చోటే మెరుస్తోంది. ఎవరో వీపు ఆనించి ఆనించి కూర్చున్నట్టు.

"తీసెయ్యవే దాన్ని" అన్నాడు మా ఆయన.

వైరు లాగాలంటే గోడంతా విప్పాలి. చీకటి పడుతోంది. ప్యాకెట్లో ఎల్ఈడీలు మిగిలాయి కదా, ఒకటి దానికీ పెట్టేస్తే సరి, మిగతాది రేపు చూసుకుందాం అనుకున్నా. చూడండి నా తెలివి! కాలిపోతున్న ఆ బల్బుని గుడ్డలో చుట్టి స్వెట్టరు జేబులో వేసుకున్నా. కొత్తది పెట్టా, చెక్క మూసేశా. మీటరు పాయింట్ రెండుకి దిగింది.

"ఇంక మీ ఊపిరికి ఢోకా లేదండీ" అన్నా గర్వంగా.

బ్యాటరీ రాత్రంతా నిలుస్తుందో లేదో చూడాలని ఇంటి ముందే వ్యానులో పడుకున్నాం. తొమ్మిదింటికల్లా మా ఆయన నిద్రపోయాడు. మిషను బుస్... బుస్... అంటోంది. నాకు నిద్ర పట్టబోతోంది.

టిక్.

కళ్ళు తెరిచా.

టిక్. టిక్. కాసేపాగి, టిక్ టిక్ టిక్ టిక్... నీళ్ళు రాని కుళాయిని మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నట్టు.

తర్వాత ఆగిపోయింది.

నేల మీద ఏదో పడింది. చిన్నది. దొర్లుకుంటూ పోయింది. స్క్రూ.

రెండోది పడింది...

మూడోది...

చల్లటి గాలి మొహానికి తగిలింది. తలుపులూ కిటికీలూ అన్నీ మూసే ఉన్నాయి. తడిబట్ట వాసన ఇప్పుడు చాలా దగ్గర్నుంచి వస్తోంది.

మాస్కు లోంచి మా ఆయన గొణిగాడు. "చేతులు తియ్యవే... ఐసుముక్కల్లా ఉన్నాయి."

నా రెండు చేతులూ నా బుగ్గ కింద ఉన్నాయి.

లైట్లు వేశా. ఆరూ ఒక్కసారి వెలిగాయి. మా ఆయన దుప్పట్లో, ఆయనకీ గోడకీ మధ్య, పిల్లి కూడా పట్టని చోట... దుప్పటి ఎత్తుగా ఉంది. ఆయన ఊపిరి పీల్చినప్పుడు అది దిగుతోంది. ఆయన వదిలినప్పుడు లేస్తోంది.

ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. మిషను బాగానే నడుస్తోంది. బ్యాటరీ నిండుగా ఉంది. అయినా మనిషి చల్లబడిపోతున్నాడు.

అప్పుడర్థమైంది నాకు. దానికి కావలసింది వెలుగు కాదు.

పైన ఆరు లైట్లు ధగధగలాడుతున్నాయి. ఒక్కదానికీ వేడి లేదు. నేనే తీసేశా, ఒక్కోటీ నా చేతుల్తో.

జేబులో చెయ్యి పెట్టా. గుడ్డలో బల్బు ఉంది. మంచానికి దూరంగా స్టవ్ పైన ఉన్న లైటు కప్పు పీకేశా. మొదటిసారి జారింది. రెండోసారి కూర్చుంది. పచ్చగా వెలిగింది.

అది వేడెక్కాలి కదా... నిలబడ్డా. బుస్... బుస్... దుప్పటి వంకే చూస్తున్నా. ఎంతసేపో తెలీదు.

మెల్లగా... దుప్పటి దిగింది.

నా కాలిమడమల్ని చల్లగా ఏదో రాసుకుంటూ స్టవ్ వైపు పోయింది.

మా ఆయన్ని చొక్కా పట్టుకుని, గొట్టంతో సహా బయటికి ఈడ్చేశా.

ఆయన ఒళ్ళు మళ్ళీ వెచ్చబడటానికి మూడు గంటలు పట్టింది. ఆయనకేం గుర్తులేదు, చలేసిందంతే అంటాడు. పొద్దున్నే వడ్రంగికి ఫోన్ చేశా. నేను నోరు తెరవకముందే, "బల్బు మార్చారా?" అనడిగాడు. "మార్చా" అన్నా. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు.

"అమ్మేద్దామే" అంటాడు మా ఆయన. ఎవరికని అమ్మను? వాడు మనకి చేసిందే మనం ఇంకొకళ్ళకి చేద్దామా? వ్యానుకి తాళం వేసి, ఇంట్లోంచి వైరు లాగి, బ్యాటరీకి ఛార్జరు పెట్టి, ఇరవై మూడు రోజులు ఆ ఒక్క బల్బునీ ఆరిపోకుండా చూసుకున్నా. లోపల ఇంకా వెచ్చగా ఉందో లేదోనని రోజూ కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని.

నిన్న పొద్దున బల్బు మాడిపోయింది.

నా షాపులో ఒక్కటీ మిగల్లేదు, ఊళ్ళో షాపులన్నీ తిరిగా. "పాత బల్బులా? ఇప్పుడెవరు తెస్తున్నారు పిన్నిగారూ, ఎల్ఈడీ ఇమ్మంటారా?" అని ప్రతివాడూ అదే మాట. తిరిగొచ్చేసరికి వ్యాను తలుపు తెరిచుంది. తాళం కింద పడుంది.

ఇవాళ మధ్యాహ్నం బట్టలు ఇస్త్రీ చేసి, వేడివేడిగా దొంతర పెట్టి, హాల్లో కుర్చీ మీద ఉంచా. మంచినీళ్ళు తాగి వచ్చా, అంతే. ముట్టుకుంటే బావిరాయిలా చల్లగా ఉన్నాయి. దొంతర మధ్యలో గుంట.

అందుకే అడుగుతున్నా. మీ ఇళ్ళలో, అటకల మీద, పాత లైట్లలో, ఎక్కడైనా సరే, ఒక్క గాజు బల్బు ఉంటే పట్టుకుని వెంటనే రండి. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ రండి.

మా ఆయనకి పొద్దుట్నుంచి నూటరెండు జ్వరం. నేను ఆయన పక్కనే కూర్చుని మాట్లాడుతున్నా. ఇది మొదలుపెట్టినప్పుడు చూశా, నూట ఒకటి. వడ్రంగి గురించి చెప్తున్నప్పుడు మళ్ళీ చూశా, తొంభై తొమ్మిది. మంచిదే, తగ్గుతోంది అనుకున్నా.

ఇప్పుడు తొంభై ఐదు.