దర్జీ మోపెడ్‌కి ఏ ఆయిల్ పోయాలి?

నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎక్కడైనా ఒత్తు తప్పితే సర్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది, కథ మాత్రం చకచకా నడుస్తుంది.

ఆయిల్ షాపు కౌంటర్లో కూర్చునేది యజమాని కూతురు. ఆ ఉదయం వాన అప్పుడే వెలిసింది. ఓ కుర్రాడు మోపెడ్‌ని నడిపించుకుంటూ వచ్చి మెట్ల ముందు ఆపాడు. మెడలో టేపు వేలాడుతోంది. వీధి మలుపులో కొత్తగా కొట్టు తెరిచిన దర్జీ ఇతనే అనుకుంది.

"ఇంజిన్ బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించానండి. పెట్రోల్లో కలపడానికి కుట్టుమిషన్ నూనె పనికొస్తుందా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మీ మిషన్లో గ్రీజు పోసి కుడతారా?"

"లేదండి."

"మరి ఈ బండేం పాపం చేసింది? ఇది టూ స్ట్రోక్. పెట్రోల్‌తో పాటు కాలిపోయే ఆయిల్ కావాలి."

"అయితే అన్నిటికంటే ఖరీదైన సింథటిక్ ఇవ్వండి."

"ఇస్తే నాకే లాభం. కానీ వద్దు. అది మరీ జారుడు. కొత్త పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి కాస్త రాసుకుంటేనే సర్దుకుంటాయి. మొదట్లో మామూలు మినరల్ ఆయిలే మంచిది. భయముంటే ఓ మూత ఎక్కువే పోయండి."

"అవునండి" అన్నాడతను, సీసా వైపు చూడకుండా ఆమె వైపే చూస్తూ.

లోపల్నుంచి తండ్రి వచ్చాడు. ఆయన కుర్రతనంలో రేసు బండ్లకి మెకానిక్. "మినరలా? మేం రేసుల్లో ఆముదం నూనె పోసేవాళ్లం బాబూ. ఆ పొగ ముందు సెంటు సీసా బలాదూర్."

"నాన్నా, అది రేసు అయ్యాక మొత్తం విప్పి కడిగే బండి. ఇది గుండీలు కొనడానికెళ్లే మోపెడ్."

"ఆముదం ఆముదమేనమ్మా" అంటూ ఆయన ఓ ఆముదం సీసా కూడా అతని చేతిలో పెట్టాడు.

"అవునండి" అన్నాడు దర్జీ ఆయనతో కూడా.

తర్వాత అతను ఏదో వంకతో రోజూ వచ్చేవాడు. ఓసారి షాపు ముందు చిరిగిన టార్పాలిన్ అడక్కుండానే కుట్టిపెట్టాడు. కుట్టు వంకర లేకుండా ఉంది. అతని నవ్వూ బాగుంది. ఆ "అవునండి" మాత్రం ఆమెకి మింగుడుపడలేదు. ఎవరేమన్నా గంగిరెద్దులా తల ఊపుతాడు.

సరిగ్గా అదే తండ్రికి నచ్చింది. "బుద్ధిమంతుడమ్మా. నువ్వు ఊ అంటే మాట్లాడతాను."

"బుద్ధి ఉందో లేదో తెలీదు నాన్నా. సొంతంగా ఒక్క మాటన్నా అనగలడేమో చూడనీ. రేపు నేను తూర్పంటే నువ్వు పడమరంటే, ఆయన నడిరోడ్డు మీద నిలబడి ఇద్దరికీ అవునంటాడు. ఆదివారం బండి స్టార్ట్ చేస్తాడట. ఆ తర్వాత చెబుతాను."

ఆదివారం దర్జీ షాపు ముందే కిక్ కొట్టాడు. ముందు తెల్లటి పొగ వచ్చింది. ఆ పొగలో ఎదురింటి గేటు మాయమైంది, దాని వెనకే ఎదురిల్లూ మాయమైంది. బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

ఆమె ప్లగ్ విప్పి చూసింది. బంక పట్టి ఉంది. "ఏం పోశారు?"

"మీరిచ్చిందే."

"నేనిచ్చింది?" అన్నాడు తండ్రి.

"అదీ పోశానండి. సగం సగం."

"ఆ రెండూ సరిగా కలవవు మహానుభావా" అంది ఆమె. "ఎవరు పోయమన్నారు?"

అతని మొహం ఆముదం తాగినట్టయింది. "మీరు నొచ్చుకుంటారని అదొకటి, ఆయన నొచ్చుకుంటారని ఇదొకటి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"ఇందులో కప్పెవరు?" అన్నాడు తండ్రి.

"నువ్వుండు నాన్నా." ఆమె గొంతు తగ్గింది. "ఏది సరైందని మీకనిపించింది? మా ఇద్దరికీ కాదు, మీకు."

దర్జీ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు.

"మామయ్యగారూ, మీ నూనె రేసులకే. నా బండికి మినరలే కరెక్ట్. కొత్త చొక్కా కూడా నాలుగు రోజులు తొడిగితేగాని ఒంటికి కుదరదు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీరన్న ఆ ఎక్కువ మూత మాత్రం పోయను. ఎక్కువైతే ప్లగ్గే తడుస్తుంది. బోరు చేసిన మెకానిక్ చెప్పిన కొలతే పోస్తాను. మీకు కోపం వచ్చినా సరే."

ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపం పెదవి చివర దాకా వచ్చి నవ్వైపోయింది.

"ఎవరయ్యా నీకు మామయ్య?" అన్నాడు తండ్రి. "చూశావా అమ్మడూ? అల్లుడు కాకముందే ఎదురు చెబుతున్నాడు."

"చూశాను నాన్నా. అందుకే ఊ అంటున్నాను."

తండ్రి కాసేపు అలిగాడు. కాసేపే. తర్వాత ట్యాంకు కడగడానికి తనే పైపు తెచ్చాడు.

సాయంత్రానికి బండి బుద్ధిగా స్టార్టయింది.

"ఎక్కండి" అన్నాడు దర్జీ.

"ఇంకా సర్దుకోని ఇంజిన్ మీద ఇద్దరి బరువు వేయకూడదు. మీరు నడపండి, నేను పక్కన నడుస్తాను."

అలాగే బయల్దేరారు. మలుపు దాటాక అతను మెల్లగా అడిగాడు. "ఇందాక మీ నాన్నగారితో అన్న మాట నాతో అనరా?"

"ఊ" అంది.

అంతే, ఎక్సిలరేటర్ మొత్తం తిప్పేశాడు.

"మెల్లగా! ఫుల్ రేజింగ్ ఇవ్వకూడదు" అంటూ ఆమె వెనకాల పరిగెత్తింది.

అతను బండి ఆపి, దిగి, తోసుకుంటూ ఆమె దగ్గరికి వెనక్కి వచ్చాడు.

"ఇలా తోస్తే రింగులెప్పుడు సర్దుకుంటాయండీ?" అంది ఆయాసపడుతూ.

"రేపట్నుంచి సర్దుకుంటాయి లెండి. ఇవాళ నడుద్దాం."

ఇట్లు,
ఆ అమ్మాయి పెద్దమ్మ, వయసు అరవై తొమ్మిది. ప్రస్తుతం ఆ ఆయిల్ షాపు మీద గదిలో, పొగ రానప్పుడు కిటికీ తెరుచుకుని ఉంటున్నాను.