జవాబు రాకపోతే

ఆ అబ్బాయి మొదటిసారి మా గుమ్మంలో నిలబడ్డప్పుడు, చేతిలో గొడుగు ఉండి కూడా నిలువునా తడిసి ఉన్నాడు. గొడుగు పుల్ల ఒకటి విరిగి, ఆ పక్కనుంచి నీళ్ళన్నీ సరిగ్గా అతని భుజం మీదకే కారుతున్నాయి. కళ్ళజోడు నిండా చినుకులు. ఎదురుగా ఉన్నది మనిషో గోడో కూడా తెలుస్తున్నట్టు లేదు.

తలుపు తీసింది మా మనవరాలు. రమ్మనలేదు, ఎవరు కావాలని అడగలేదు.

"మా అన్నయ్య ఒప్పుకోలేదు," అంది.

"తెలుసండి. క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

"చెప్పారుగా. ఇక వెళ్ళండి."

అదీ మా కందిరీగ. దాన్ని అసలు పేరుతో ఇంట్లో ఎవరం పిలవం. ఆ పేరు పెట్టింది వాళ్ళన్న, అంటే నా పెద్ద మనవడు, మా పెద్దాడు. కుట్టేదాకా ఊరుకోదు, కుట్టాక తనే కూచుని ఏడుస్తుంది అనేవాడు.

తడిసిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి పోట్లాడతారటే, ముందు తువ్వాలు ఇవ్వు అన్నాను వెనకనుంచి. ఇచ్చింది. ఇవ్వడమంటే, అతని మీదకి విసిరింది.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో చెప్పకపోతే మీకు అంతు పట్టదు. అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని, నాకే చాన్నాళ్ళు పట్టింది.

మా పెద్దాడు కంప్యూటర్ పని చేసేవాడు. పగలంతా జీతం కోసం చేసి, ఇంటికొచ్చాక జీతం లేని పని చేసేవాడు. ఆ జీతం లేని పని పేరు 'గొంతు'. ఫోన్లో రాసి ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. కళ్ళు కనపడనివాళ్ళకీ, నాలాంటి అరకొర చదువులవాళ్ళకీ అదే దిక్కు. దాన్ని ఏ ఒక్కరో చెయ్యలేదు. ఎక్కడెక్కడివాళ్ళో ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే తలో చెయ్యి వేసి తయారుచేశారు. ఓపెన్ సోర్స్ అంటారట దాన్ని. లోపల ఏముందో ఎవరైనా చూడచ్చు, తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకటే షరతు. మార్చి ఇంకొకరికి ఇస్తే, ఆ మార్పుని కూడా దాచుకోకుండా అలాగే ఇవ్వాలి. దాన్ని లైసెన్సు అంటారని పెద్దాడు చెప్తే, ఓస్, పెరుగు తోడు లాంటిదన్నమాట అన్నాను. పక్కింట్లో అడిగి తెచ్చుకున్నావు. రేపు నీ గుమ్మంలోకి ఎవరైనా గిన్నె పట్టుకుని వస్తే లేదనకూడదు. వాడు పడీపడీ నవ్వి, ఈ మాట చెప్పడానికి లాయర్లు ఒక పుస్తకమంత రాశారు నానమ్మా అన్నాడు.

అందులో మావాడి వంతు ఊపిరి. అవును, ఊపిరే. మొదట్లో గొంతు గడగడా చదువుకుంటూ పోయేది, ఎక్కడా ఆగేది కాదు. వాడు ఫోన్ నా ముందు పెట్టి, నా చేత కథలు చెప్పించుకునేవాడు. ఇంత గాడిదలా పెరిగాక కథలేంట్రా అంటే, నువ్వు చెప్పవే అనేవాడు. నేను ఎక్కడ ఆగుతానో, ఎంతసేపు ఆగుతానో, భయం వచ్చే చోట ఎలా ఆగుతానో అంతా పట్టి పట్టి చూసి కోడ్ రాశాడు. అప్పట్నుంచి గొంతు మనిషిలా చదవడం మొదలుపెట్టింది.

పోయిన వానాకాలంలో జ్వరమని ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. దాని గురించి ఇంతకన్నా నేను చెప్పలేను.

వాడి ఫోన్‌ని మా కందిరీగ రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉంది.  ఒకరోజు అందులోకి ఒక మెయిల్ వచ్చింది. గొంతు బాగోగులు చూసే అబ్బాయి, చెయ్యి వేసినవాళ్ళందరికీ పంపిన మెయిల్. ఒక పెద్ద కంపెనీ గొంతుని తీసుకుంటానంటోందట. అయితే పాత షరతు వద్దట, తమ మార్పులు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటారట. షరతు మారాలంటే చెయ్యి వేసిన ప్రతి ఒక్కరూ సరేననాలి. ఇష్టమైనవాళ్ళు ఒప్పుకుంటున్నాను అని రాయండి, కాదనేవాళ్ళు కాదని రాయండి. నెలాఖరులోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటాం. ఇదీ అందులో ఉన్నది.

ఆ చివరి మాట చదివాక కందిరీగ ఆగలేదు. అందరూ చూసే చోటే జవాబు రాసి పడేసింది. "మా అన్నయ్య జవాబివ్వడు. చనిపోయాడు. ఇది కూడా ఒప్పుకున్నట్టేనా?"

మా గుమ్మంలో తడిసి నిలబడ్డ అబ్బాయే ఆ మెయిల్ పంపింది. అతనికి అప్పటిదాకా తెలీదు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళు. మావాడు ఉన్నట్టుండి జవాబులివ్వడం మానేస్తే, ఏదో మాటకి అలిగి వెళ్ళిపోయాడనుకున్నాడట. తనూ పంతం పట్టి పలకరించలేదట. ఈ సంగతి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చెప్పాడు. తుడుచుకుంటున్నది వాన నీళ్ళేనా అని నేను అడగలేదు.

మా అబ్బాయి, అంటే వీళ్ళ నాన్న, అసలే మాటలు తక్కువ మనిషి. కొడుకు రాసినదాని మీద హక్కు ఇప్పుడు మీదేనండీ అని అతను చెప్తే, వాడి చెల్లెలు ఎలా అంటే అలా అని లోపలికి వెళ్ళిపోయాడు. దాంతో భారమంతా పిల్ల నెత్తిన పడింది.

"కాదంటే ఏం చేస్తారు?" అనడిగింది.

"మీ అన్నయ్య రాసిన లైన్లు తీసేసి, ఆ చోట కొత్తవి రాసుకోవాలి."

"వాడి పేరు?"

"దాంతోపాటే పోతుంది."

"అయితే తీసుకోండి. అడగడం దేనికి?"

"తీసెయ్యగలిగితే ఇంత వానలో ఎందుకొస్తానండీ?"

ఆ సాయంత్రం ఇద్దరూ టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. అందరూ కలిసి వేసిన బాటకి ఎవరో వచ్చి గేటు పెడతామంటే తాళం మీరే తెచ్చిస్తారా అంది ఇది. బాట అందరిదీనండీ, గుంత పడితే తిట్లు మాత్రం నా ఒక్కడికే అన్నాడతను. పెద్ద పెద్ద కంపెనీలు గొంతుని తమ ఫోన్లలో పెట్టుకున్నాయట. థాంక్స్ అన్న పాపాన పోలేదు గానీ, ఏదైనా చెడితే ఇంకా బాగుచెయ్యలేదేంటని ఇతన్ని నిలదీస్తారట. చెయ్యి వేసినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఈ కంపెనీ అయితే జీతమిచ్చి ఇదే పని చేసుకోమంటోంది.

"నాకు పేరొద్దు. ఆదివారం పూట నిద్రపోతే చాలు," అన్నాడు.

కందిరీగ అయినా సరేననలేదు. నాకు ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నట్టనిపించింది. అలాంటి గొడవలే తెగవు.

ఇక కొత్తవి రాయక తప్పదన్నాడు. పెద్దాడు రాసింది చూసి రాస్తే కాపీ అవుతుందట. అందుకని ఊపిరి సంగతి మళ్ళీ నా దగ్గరే మొదలుపెట్టాలన్నాడు. నానమ్మ కథలకి లైసెన్సు లేదులెండి, పట్టుకుపోండి అని మూతి తిప్పింది ఇది. నేను సరేనన్నాను. పెద్దాడు పోయాక ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఎవరో ఒకరు వచ్చి వాడు కూచునే కుర్చీలో కూచుని, తర్వాత ఏమైంది బామ్మగారూ అంటే చాలనిపించింది.

అలా ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. కందిరీగ పక్కగదిలో ఉన్నట్టే ఉండేది. కథ మధ్యలో నేనేదైనా మర్చిపోతే మాత్రం అక్కణ్ణుంచే అందించేది. చెవులు పక్కగదిలో లేవన్నమాట.

అది పనిచేసేది కళ్ళజోళ్ళ కొట్లో. కళ్ళు పరీక్ష చేసి అద్దాలు చెప్పేది అదే. నా కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్తూ ఓ రోజు అతన్ని కూడా లాక్కెళ్ళాను. అతని అద్దాలు పట్టి చూసి, ఈ నంబరుతో ఇన్నాళ్ళూ ఎలా బతికారండీ అంది.

"తెర దగ్గరే ఉంటుంది కదా. దూరం చూసే పని పడలేదు."

పరీక్ష కుర్చీలో కూచోబెట్టింది. ఒక అద్దం వేసి, ఇది బాగుందా, ఇంకోటి వేసి, ఇది బాగుందా అంటుంది. రెండూ ఒకేలా ఉన్నాయంటాడు.

"ఉండవు. మొహమాటానికి చెప్పకండి, తర్వాత తలనొప్పి మీకే."

"అయితే ఇంకోసారి చూపించండి."

ఆ ఇంకోసారి ఎన్నిసార్లయిందో. మొదట కసురుకుంది, తర్వాత పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఆఖరికి సరైన అద్దం పడింది కాబోలు, అతను కదలకుండా ఉండిపోయాడు.

"ఇప్పుడు స్పష్టంగా ఉందా?"

"చాలా."

"అక్షరాలు అటు గోడ మీద ఉన్నాయి. నా ముఖం మీద కాదు."

కొట్టు యజమాని దగ్గినట్టు నటించాడు. నేను కొత్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను, తుడవాల్సింది ఏమీ లేకపోయినా.

ఇంటికొచ్చాక పిల్ల ఏదో తలుచుకుని పైకే నవ్వింది. పెద్దాడు పోయాక అదే మొదలు. నవ్విన మరుక్షణం గోడవైపు తిరిగి ఏడ్చింది. నవ్వొచ్చినందుకు ఏడ్చిందని నాకు తెలుసు. నాకూ అలాగే అవుతుండేది.

నెలాఖరు దగ్గరపడింది. గొంతు లోపల ఎవరేం మార్చినా అందరికీ కనిపిస్తుంది కదా. కొట్లో ఖాళీగా ఉన్నప్పుడు కందిరీగ చూసింది. ఊపిరి భాగమంతా తీసేసి ఉంది. తీసేసినవాళ్ళ పేరు దగ్గర అతని పేరు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అతనొస్తే నేను లేనని చెప్పు నానమ్మా అంది. ముందే చెప్పాడు కదే, తీస్తానని అన్నాను.

"చెప్పాడు. చెయ్యడనుకున్నాను."

ఆదివారం అతనొచ్చాడు. పక్కగది తలుపు మూసి ఉండటం చూసి నా ముందు కూచున్నాడు. నా కథనే గొంతు చేత, తను కొత్తగా రాసిన ఊపిరితో చదివించాడు. అన్నిచోట్లా ఆగింది. తప్పు పట్టడానికి లేదు. బాగుంది నాయనా అన్నాను.

అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అతను రాసిన గొంతు ఆగితే, తర్వాత ఏమవుతుందోనని ఉండేది బామ్మగారూ. ఇది ఆగితే, చెడిపోయిందేమో అనిపిస్తోంది."

లేచి వెళ్ళిపోయాడు. గొడుగు మర్చిపోయాడు.

ఆ తర్వాత అతని అజా పజా లేదు. వాన మాత్రం వదల్లేదు, ఆరేసిన బట్టలు ఆరకుండానే ముక్కవాసన వేస్తున్నాయి. కందిరీగ ఆ గొడుగుని మూలనుంచి తీసి, విరిగిన పుల్లకి తీగ చుట్టి బాగుచేసింది. చేస్తూ చేస్తూ, "అన్నయ్య కూడా ఆదివారాలు నిద్రపోలేదు కదా నానమ్మా?" అంది.

లేదన్నాను.

"వాడి పేరు నిలబెట్టాలని, బతికున్న మనిషిని అరగదీస్తున్నానేమో."

 లోపలికి వెళ్ళి, ఒప్పుకుంటున్నామని రాసిన కాగితం మీద వాళ్ళ నాన్న చేత సంతకం పెట్టించుకొచ్చింది. ఆయన సంతకం పెట్టాక చాలాసేపు కలం మూత పెట్టలేకపోయాడు. అప్పుడు అతనికి ఫోన్ చేసి, మీ గొడుగు ఇక్కడ చోటాక్రమించింది, వచ్చి తీసుకెళ్ళండి అని పెట్టేసింది.

వచ్చాడు. గొడుగు మా ఇంట్లోనే ఉందాయె, మళ్ళీ నిలువునా తడిసే వచ్చాడు. ఈసారి తువ్వాలు చేతికే ఇచ్చింది.

"నాన్న సంతకం పెట్టారు. కంపెనీకి చెప్పుకోండి."

"కంపెనీకి వద్దని చెప్పేశానండి."

"ఎప్పుడు?"

"ఆదివారం. మీ మెట్లు దిగుతూనే. మీ అన్నయ్య లైన్లు ఎక్కడివక్కడ పెట్టేశాను. మీరు చూడలేదా?"

"చూడటం మానేశాను," అంది. 

అదేమంత సంబరపడే సంగతి కాదని అతనే చెప్పాడు. సరేనని రాసినవాళ్ళు చాలామంది ఇతని మీద విరుచుకుపడ్డారట. ఒకరిద్దరు పూర్తిగా తప్పుకున్నారు. ఆ కంపెనీ సొంతంగా ఇంకో గొంతు చేసుకుంటోందట, అది వచ్చాక వీళ్ళది ఎవరైనా వాడతారో లేదో. వారానికి ఒక్కరోజే పనిచేస్తాను, మిగతాది ఎవరైనా అందుకోండి అని అందరికీ రాశాడట.

"ఎవరైనా ముందుకొచ్చారా?"

"ఇంకా లేదు."

"ఊపిరి నేను చూసుకుంటాను. నేర్పండి."

"కష్టమండి."

"మీ కళ్ళకి అద్దాలు కుదర్చడం కన్నానా?"

అతను నవ్వబోయి, కళ్ళజోడు మీద నీళ్ళు కారుతుంటే తీశాడు. ఇది చేతిలోంచి లాక్కుని తుడవడం మొదలుపెట్టింది. నేను కునుకు తీస్తున్నదానిలా కళ్ళు మూసుకున్నాను. వయసు మీదపడ్డాక మనం ఎప్పుడు నిద్రపోయినా ఎవరూ అనుమానించరు.

"ఒక మాట అడుగుతాను," అన్నాడు. "గొంతు రేపు ఉన్నా లేకపోయినా, ఈ ఇంటికి రావాలనుంది. మీ కోసం. మీకు ఇష్టమేనా?"

 అద్దం తుడుస్తున్న బట్ట చప్పుడే వినిపిస్తోంది. బయట వాన. తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తోంది.

"తొందరేం లేదు," అన్నాడతను మెల్లగా. "జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు అనుకోను. ఆ తప్పు ఒకసారి చేశాను."

బట్ట చప్పుడు ఆగింది. దాని ఫోన్ మీద వేళ్ళు టకటకలాడాయి. బల్ల మీద అతని ఫోన్ మోగింది. కళ్ళజోడు ఇవ్వమన్నట్టున్నాడు.

"చదవక్కర్లేదు," అంది. "విను."

అండీ లేదు, మీరూ లేదు. నేను కళ్ళు తెరవలేదు.

"అన్నయ్యని అడగడానికి లేదు," అని అతని ఫోన్లోంచి చదివింది గొంతు.

ఆగింది.

ఆ ఆగడం నాకు తెలుసు. కథలో మూసిన తలుపు ముందు నేను ఆగేది అలాగే. చిన్నప్పుడు పెద్దాడు అక్కడ ఊపిరి బిగబట్టి, నా మోకాలు పట్టుకుని, తర్వాత నానమ్మా అనేవాడు. ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగింది.

"నేను ఒప్పుకుంటున్నాను," అంది.